అమ్మాయికి కాలిబంతి

మా యింట కాలిబంతి చిరకాలము మగపిల్లవాని సొత్తుగనే యుండెను. పెద్దవాడు దానితో ఆడును, పొరుగువారి కిటికీ అద్దము పగులగొట్టును, మేము మందలింతుము. ఇంతకు మించి దానిని గూర్చి మాకేమియు తెలియదు. గత సంవత్సరము మా తొమ్మిదేండ్ల అమ్మాయి "అమ్మా, నేనును ఆడెదను" అని యడుగగా, "అన్నయ్య బంతి యున్నదిగదా, దానితో ఆడుకొమ్ము" అని చెప్పి, మా కర్తవ్యము తీరినదని తలచితిమి. ఇంట ఒక బంతి యుండగా మరియొకటి కొనుట దండుగ యని మా యభిప్రాయము.

పది దినములు గడవకమునుపే పిల్ల కుంటుచు ఇంటికి వచ్చెను. పాదము మీది భాగము కందియుండెను. ఆ రాత్రి తడిగుడ్డ పట్టి వేయుచుండగా, "అమ్మా, ఈ యాట నాకు రాదు. ఆడపిల్లలకు రాదట" అని మెల్లగా అనెను. ఎవరనిరని యడిగితిమి. "అందరును" అనెను. మేమును, "పోనిమ్ము తల్లీ, ఇంట కూర్చుండి క్యారమ్సు ఆడుకొనవచ్చును" అంటిమి. సోదరీమణులారా, ఆ మాట యన్నందుకు నేటికిని సిగ్గుపడుచున్నాము.

మరునాడు బడియొద్ద వ్యాయామోపాధ్యాయురాలు పిల్ల నడక చూచి, ఏ బంతితో ఆడుచున్నదని ప్రశ్నించిరి. చెప్పితిమి. ఆమె నవ్వి, "అన్నగారి బూట్లు తొడిగి పిల్లను పరుగెత్తుమందురా అమ్మా? బంతియు అట్టిదే" అనిరి. అంతవరకు బంతులకు కొలతలున్నవన్న సంగతియే మాకు తోచలేదు.

పెద్దలాడునది 5వ నంబరు బంతి. దాని చుట్టుకొలత 68 మొదలు 70 సెంటీమీటర్లు, బరువు 410 మొదలు 450 గ్రాములు. ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు సాధారణముగా 4వ నంబరు తగినది. చుట్టుకొలత సుమారు 64 మొదలు 66 సెంటీమీటర్లు, బరువు 350 మొదలు 390 గ్రాములు. అంతకు చిన్నవారికి 3వ నంబరు; సుమారు 60 సెంటీమీటర్లు, 300 గ్రాములకు కొంచెము పైన. అరువది గ్రాముల భేద మేపాటిదని మనకు తోచును. కాని లేతపాదము ఒక్క సాయంకాలమున ఆ బంతిని ఎన్నిమార్లు తన్నునో తలచిన, ఆ భేదము చిన్నది కాదు.

నంబరు చూచినంతమాత్రమున చాలదు. అంగడివాడు మాకు మొదట 4వ నంబరు బంతి యనియే ఒకదానిని చూపెను. చేతబట్టగా బరువుగా నుండెను. అది ఫుట్సాలు బంతియట. గట్టి నేలగల చిన్న మైదానములలో ఆడుటకై దానిని తక్కువగా ఎగురునట్లు చేయుదురు. రెండు మీటర్ల ఎత్తునుండి విడిచినచో మొదటిమారు 50 మొదలు 65 సెంటీమీటర్లే లేచును. బరువు మాత్రము 400 మొదలు 440 గ్రాములు. పెద్దవారికి అది మంచిదే. మా పిల్లకు మరల పాతకథయే యగును.

పిమ్మట నేలను చూడవలెను. మెత్తని పైపొరగల ఖరీదైన బంతి పచ్చికపై ఆడుటకు చక్కనిది; కంకర నేలపైనను తారురోడ్డుపైనను దాని చర్మము త్వరలో లేచిపోవును. మా పిల్ల ఆడునది గరుకునేల. కావున మందమైన పైపొరగల సామాన్యమైన బంతినే తీసికొంటిమి. మన దేశమున జలంధరు, మీరటు పట్టణములు బంతుల తయారికి పేరొందినవి.

గాలి విషయమున కూడ మేము పొరపడితిమి. పెద్దవాడు తన బంతికి రాయివలె గట్టిపడువరకు గాలి కొట్టుచుండెడివాడు. పిల్ల పాదము కందుటకు అదియు కారణమే. ఎంత గాలి పట్టవలెనో సాధారణముగా వాల్వు చెంతనే ముద్రించియుందురు. ఆ హద్దు దాటరాదు. పిల్లలకు ఆ హద్దులోనే తక్కువవైపున నుంచుట మేలు. సూదిని తడిచేసి మెల్లగా దూర్పవలెను. పొడిసూది వాల్వును చింపును.

ఆట ముగిసినపిమ్మట తడిగుడ్డతో మట్టి తుడిచి నీడన ఆరవేయవలెను. ఎండలోగాని, తలుపులు మూసిన కారులోగాని విడువరాదు. బంతిపై కూర్చుండనీయరాదు, ఆకారము చెడును. చాలకాలము వాడనిచో గాలి కొంచెము తీసి యుంచవలెను. పట్టుచీరను నీడన ఆరవేయుట యెరిగిన మనకు ఇది కష్టమైన పని కాదు.

ఇంతయు జరిగినను, "ఆడపిల్లలకు రాదట" అను మాట మా మనస్సును విడువలేదు. మేము సికిందరాబాదున నివసించువారము. హైదరాబాదువారగు సయ్యద్ అబ్దుల్ రహీముగారు శిక్షకులుగా నుండగా భారతజట్టు 1956 ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకమును పొందినదని మా యింట మగవారు గర్వముతో చెప్పుచుందురు. ఆ కథలలో ఆడపిల్ల లేదు. ఇంగ్లండున 1921లో ఫుట్‌బాలు సంఘమువారు ఈ యాట స్త్రీలకు తగదని, తమ సంఘములోని క్లబ్బుల మైదానములలో వారు ఆడరాదని నిషేధించిరి. ఆ నిషేధము సుమారు 50 ఏండ్లు నిలిచెను. మైదానము నీయక, తుదకు వారికి ఆట రాదనుట యేమి న్యాయము? మన నిజామాబాదు ప్రాంతపు గుగులోతు సౌమ్య భారత మహిళాజట్టున ఆడి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బున చేరినది. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పగా, ఆ పేరు తన పుస్తకపు అట్టపై వ్రాసికొనెను.

క్రొత్త బంతి వచ్చి యిప్పటి కెనిమిది నెలలు. మా అమ్మాయి గొప్ప ఆటకత్తె కాలేదు. అగునని మేము చెప్పము. కాని సాయంకాలము కాగానే బంతి చంకబెట్టుకొని వెళ్లును, చీకటిపడునప్పటికి దుమ్ము కొట్టుకొని వచ్చును, పిలువకయే అన్నమునకు కూర్చుండును. మొన్న బంతి తుడుచుచు, "అమ్మా, ఇది నా మాట వినుచున్నది" అనెను.

కావున సోదరీమణులకు మా విన్నప మొక్కటే. మీ యింట ఆడపిల్ల ఏదేని ఆట తనకు రాదని చెప్పినచో, ఆ మాట నమ్మకముందు ఆమెకు మన మిచ్చిన వస్తువు ఎవరి కొలతకు చేసినదో ఒక్కమారు చూడుడు.