పాటలో వెలిసే పట్నం

అమెరికాలో పల్లెపాట వినాలంటే కుటుంబాలు నాష్‌విల్ నగరానికి వెళ్తాయి. 1925లో రేడియోలో మొదలైన ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ కచేరీ అక్కడ వందేళ్ల తర్వాత కూడా సాగుతూనే ఉంది. మరి మెదక్ జిల్లా ఎల్దుర్తి నుంచి పిల్లాపాపలతో బయలుదేరేవాళ్లకు అలాంటి చోటేది? విమానం ఎక్కక్కర్లేదు... పక్కనున్న సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి చాలు! అది నగరం కాదు, కొండ పక్కనున్న చిన్న ఊరు. అయితేనేం, మల్లన్న కథను ఒగ్గు పూజారుల నోట వినాలంటే అక్కడికే వెళ్లాలి.

ఆదివారాల జాతర
ఎల్దుర్తి నుంచి మాసాయిపేట, తూప్రాన్ మీదుగా గజ్వేల్ చేరి, ప్రజ్ఞాపూర్ దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి సిద్దిపేట వైపు సాగితే కొమురవెల్లి కమాను వస్తుంది. అక్కణ్నుంచి లోపలికి తిరగాలి. సంక్రాంతి తర్వాతి ఆదివారంతో మొదలయ్యే జాతర ఉగాది దాకా వారం వారం జరుగుతుంది. మొదటిది పట్నం వారం, రెండోది లష్కర్ వారం. హైదరాబాద్‌ను పట్నమనీ సికింద్రాబాద్‌ను లష్కర్ అనీ పిలిచే అలవాటు జాతర పేర్లలో అలాగే నిలిచిపోయింది. ఆ రెండు వారాలూ ఇసకేస్తే రాలనంత జనం! చంటిపిల్లలూ, ముసలివాళ్లూ వెంట ఉంటే ఆ తర్వాతి వారాల్లో వెళ్లడం మేలు.

ముగ్గులో దేవుడి ఊరు
కొండ గుహలో పుట్టమన్నుతో చేసిన మల్లన్న రూపం. ఇరుపక్కలా బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. దర్శనం అయ్యాక అసలు సందడి గంగిరేగు చెట్టు దగ్గర కనిపిస్తుంది. మొక్కు ఉన్న కుటుంబం బోనం వండి, ‘పట్నం’ వేయిస్తుంది. ఇక్కడ పట్నమంటే ఊరు కాదు, నేలమీద రంగుల పొడులతో వేసే ముగ్గు. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడి గుప్పిట్లోంచి సన్నగా జారుతుంటే, గళ్లూ గీతలూ చూస్తుండగానే అల్లుకుంటాయి. మహాశివరాత్రి రాత్రి వేసే పెద్ద పట్నం చూసేందుకైతే వేల మంది కాచుక్కూర్చుంటారు. చివర్లో దాన్ని తొక్కి చెరిపేస్తారు. ఆ రంగుల పొడినే ప్రసాదంగా కొంగుకు కట్టుకుంటారు.

కథ ఎవరి కోసం?
పట్నం ముందు నిలబడి ఒగ్గు పూజారులు కథ ఎత్తుకుంటారు. ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. దానికి డోలు, తాళాలు తోడు. ఒకరు కథ నడిపిస్తే మరొకరు వంత పాడతారు, మధ్యలో ఆపి ప్రశ్నలేస్తారు, నవ్విస్తారు. పాట మాటవుతుంది, మాట మళ్లీ పాటవుతుంది. నాష్‌విల్‌లో టికెట్టు కొన్నవాళ్లందరి కోసం పాడతారు. ఇక్కడ మాత్రం ఎదురుగా కూర్చున్న ఒక్క కుటుంబం కోసం, వాళ్ల మొక్కు కోసం పాడతారు. తేడా అంతా అందులోనే ఉంది.

ఈ కళను వేదికల మీదికి తీసుకెళ్లినవారిలో జనగామ ప్రాంతపు మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్యది పెద్ద పేరు. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన 2017లో కన్నుమూశారు. పురస్కారాలు గౌరవాన్ని తెస్తాయి. కానీ పాటను నిలబెట్టేది మాత్రం ఎదురుగా కూర్చుని వినేవాళ్లే. ‘తొందరగా కానివ్వండి, ఎండెక్కుతోంది’ అని కుటుంబమే తొందరపెడితే కథ కురచవుతుంది. కురచైన కథనే కొడుకు తండ్రి దగ్గర నేర్చుకుంటే, తర్వాతి తరానికి మిగిలేది ఇంకా తక్కువ.

వచ్చేముందు చేర్యాల
కొమురవెల్లికి దగ్గర్లోనే చేర్యాల ఉంది. కథలు చెప్పేవాళ్ల కోసం నకాషీ చిత్రకారులు పొడవాటి బట్ట మీద, ఎర్రటి నేపథ్యంలో వరసగా బొమ్మలు వేసి ఇచ్చిన ఊరిది. పొద్దున విన్న కథలాంటివే మధ్యాహ్నం బొమ్మల్లో కనబడితే పిల్లలు చటుక్కున పోల్చుకుంటారు.

అందుకే ఈ ప్రయాణానికి దర్శనం సమయం ఒక్కటే లెక్కేసుకుంటే చాలదు. చాపా, మంచినీళ్లూ, సద్ది వెంట తీసుకెళ్లాలి. కథ మొత్తం అయ్యేదాకా కూర్చోవాలి. అర్థంకాని మాట వస్తే పిల్లలు నానమ్మను అడుగుతారు. ఆమెకు తప్పకుండా తెలిసే ఉంటుంది!