చామంతికి గొడుగు

మొన్న ఒక పెళ్ళిలో పెద్దావిడ ఒకరు నన్ను పట్టుకుని, "మీ ఇంట్లో చామంతికి గొడుగు పట్టారటగా అమ్మాయ్, నిజమేనా?" అని అడిగారు. నవ్వి ఊరుకున్నాను. కాని నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకోవడం కంటే జరిగిందేదో నేనే చెప్పేస్తే మంచిదని ఇది రాస్తున్నాను.

శంషాబాదు పక్కన తొండుపల్లిలో మేము ఇల్లు కట్టుకున్నది 2010లో. అప్పటికి విమానాశ్రయం తెరిచి రెండేళ్ళయింది. వీధి గుమ్మానికీ ప్రహరీకీ మధ్య ఇరవై అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు జాగా మిగిలింది. దాన్ని సిమెంటు చేయించి స్కూటరు పెట్టుకుందామన్నారు మా వారు. గోడవార పూలమడి వేద్దామన్నాను నేను. ఎవరి మాట నెగ్గిందో వేరే చెప్పాలా?

మొదటి రెండేళ్ళూ శీతాకాలం రాగానే నర్సరీకి వెళ్ళి, కంటికి నచ్చిన మొక్కల్లా తెచ్చి నాటాను. సంక్రాంతికి మడి పెళ్ళిపందిరిలా ఉండేది. శివరాత్రి వెళ్ళి నాలుగు ఎండలు కాసేసరికి అన్నీ వడలిపోయి, పందిరి విప్పేసిన పెళ్ళివారిల్లులా బోసిపోయేది. "ఏటేటా ఈ ఖర్చేమిటి?" అని మా వారు పద్దు పుస్తకం తీశారు. చెప్పొద్దూ, ఆ మాట సబబే అనిపించింది. ఒకసారి నాటితే నేలలో దుంపో వేరో దాచుకుని, కాలం రాగానే తమంతట తామే లేచే మొక్కలే ఇక వెయ్యాలని నిశ్చయించుకున్నాను.

మాది ఎర్ర చల్క నేల. నీళ్ళు పోస్తే ఇట్టే దిగిపోతాయి. దుంప మొక్కలకు అది ఒక విధంగా మేలే. నీరు నిలిచిన చోట దుంప కుళ్ళుతుంది. ఐతే చల్కలో సారం తక్కువ. అంచేత రాళ్ళు ఏరి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, మడిని జానెడు ఎత్తు లేపాం.

వెనక వరసలో గోడకు ఆనించి మెట్టతామర వేశాను. పేరుకు తామరే గాని చెరువు అక్కర్లేదు. అరిటాకుల్లాంటి ఆకులు గోడను కప్పేస్తాయి. పూసిన కాడను మొదలంటా కోసేస్తే పక్కనుంచి కొత్తది లేస్తుంది. దీని గింజలు తుపాకీ గుళ్ళలా నల్లగా, గట్టిగా ఉంటాయి. మా మనవడికి అవే ఆస్తి.

దాని ముందు నేలసంపెంగ. గుడిమల్కాపూరు పూల మార్కెట్టులో లిల్లీ అంటే ఇదే. ఎక్కడో మెక్సికోలో పుట్టి, మన పెళ్ళిదండల్లో స్థిరపడింది. ఒంటి రేకులది, రెండు మూడు వరసల రేకులది అని రెండు విధాలు. వాసన కావాలంటే ఒంటి రేకులదే వెయ్యండి. రెండంగుళాల లోతున దుంప పెడితే మూడు నాలుగు నెలల్లో కాడ వేస్తుంది. ఒకసారి పూసిన దుంప మళ్ళీ పూయదు. దాని చుట్టూ పుట్టిన పిల్ల దుంపలు పూస్తాయి. అందుకని మూడేళ్ళకోసారి తవ్వి, విడదీసి నాటుకోవాలి. సాయంకాలం దీపం వేళ దాని వాసన వీధిలోకి వస్తే, దారినపోయే వాళ్ళు ఒక్క క్షణం ఆగి మరీ వెళతారు.

గోడ రెండు కొసల్లోనూ బిళ్ళగన్నేరు. "ఈ పిచ్చిమొక్క ఎందుకు?" అన్న వాళ్ళున్నారు. ఆ పిచ్చిమొక్క పుట్టిల్లు మడగాస్కరు. దాని నుంచి తీసిన మందులు రక్త కాన్సరు వచ్చిన పసిపిల్లలకు ఇస్తున్నారని చెప్పాక మళ్ళీ ఎవరూ ఆ మాట అనలేదు. ఇక అంచున, వానకు పూసే చిన్న లిల్లీలు. వేసంగి అంతా గడ్డిపోచల్లా పడి ఉండి, ఒక్క మంచి వాన కురిసిన నాలుగైదు రోజులకు అన్నీ ఒక్కసారే విచ్చుకుంటాయి.

అన్నిటికీ నడుమ, గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా కనబడే చోటు మాత్రం చామంతిది. అది నర్సరీది కాదు. 2012లో మా అమ్మ తెనాలి నుంచి వస్తూ తెచ్చిన పసుపు చిట్టి చామంతి. పిలకలను తడిగుడ్డలో చుట్టి, పైన అరిటాకు చుట్టి, దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చింది. తనే గోటితో మట్టి తీసి నాటి, "పిలకలు పంచకుండా ఉంచుకోకే. దుబ్బు ఇరుకై మొక్క చచ్చిపోతుంది" అంది. ఏటా కార్తీకంలో అది మొగ్గ తొడిగేది. పుష్యమాసం దాకా పూసేది.

2016లో అమ్మ పోయింది. ఆ మరుసటి ఏడు మా వీధికి కొత్త దీపాలు వేశారు. సరిగ్గా మా గోడ పక్కనే స్తంభం. తెల్లటి వెలుగు. రాత్రి పదింటికి కూడా మడిలో సూది పడితే కనబడుతుంది. మా వారు వీధి అరుగు మీద పేపరు చదువుకోవచ్చునని సంబరపడ్డారు.

ఆ కార్తీకంలో చామంతి మొగ్గ తొడగలేదు. ఆకులు పచ్చగా, ఏపుగా ఉన్నాయి. తెగులు లేదు, పురుగు లేదు. ఎరువు వేశాను. నీళ్ళు తగ్గించాను, మళ్ళీ పెంచాను. లాభం లేదు. "పోనీ, పూలు కొనుక్కొస్తాను లేవే" అన్నారు మా వారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా బాధ పూల కోసం కాదని ఆయనకు అప్పుడు అర్థమయింది.

పక్కింటి పెద్దమ్మది ఈ ఊరే. వయసులో ఉండగా పూలు గంపకెత్తుకుని పట్నం తీసుకెళ్ళి అమ్మిన మనిషి. ఆమె పెరట్లో చామంతులు నిండుగా మొగ్గలతో ఉన్నాయి. ఒకనాడు వచ్చి మా దుబ్బును చూసింది, తల ఎత్తి స్తంభాన్ని చూసింది.

"పగలు, రాత్రి ఒక్కతీరు వెలుగుంటే, దానికి కార్తీకం వచ్చిందని ఎట్ల తెలుస్తది బిడ్డా?" అంది.

మా వారు ఆ రాత్రే కూర్చుని పుస్తకాలు తిరగేశారు. పెద్దమ్మ మాట అక్షరాలా నిజం. 1920లోనే అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు ఈ సంగతి బయటపెట్టారట. పగలెంత, రాత్రెంత అన్న లెక్కను బట్టి పూసే మొక్కలున్నాయి. రాత్రి నిడివి పెరిగితేనే పూసే జాతి చామంతి. నడిరాత్రి కాసేపు వెలుగు పడినా, దానికి ఆ రాత్రి రెండు పొట్టి రాత్రుల కిందే లెక్క. మా దుబ్బు పాపం ఇంకా వేసవే అనుకుంటోంది!

"దీపం తీసేయమని అర్జీ పెడతాను" అన్నారు మా వారు ఆవేశంగా. నేను వద్దన్నాను. విమానాశ్రయంలో పనిచేసే ఆడపిల్లలు ఏ వేళప్పుడో డ్యూటీ దిగి ఆ వీధినే నడిచి వస్తారు. వాళ్ళకు వెలుగు కావాలి. నా మొక్కకు చీకటి కావాలంటే, ఆ చీకటి నేనే తెచ్చుకోవాలి.

అటక మీద మా మామగారి నాటి పెద్ద నల్ల గొడుగు ఉంది. పొద్దు వాలగానే దాన్ని కర్రకు కట్టి దుబ్బు మీద దించి, చుట్టూ నల్లగుడ్డ కప్పేదాన్ని. తెల్లవారగానే తీసేసేదాన్ని. "దోమతెర కూడా కట్టకపోయావా?" అని మా వారు ఎగతాళి చేశారు. కాని నేను ఊరెళ్ళిన రెండు రోజులూ వేళ తప్పకుండా గొడుగు వేసింది ఆయనే. "రాత్రిపూట ఛత్రి పట్టించుకునే చేమంతిని ఇప్పుడే చూస్తున్న" అని పెద్దమ్మ నవ్వింది.

ఐదు వారాలు గడిచాయి. ఒక పొద్దున్న గొడుగు తీస్తుంటే కొమ్మ చివర కందిగింజంత మొగ్గ కనబడింది. ఆయన్ని కేక వేశాను. ఇద్దరం అలా చూస్తూ నిలబడిపోయాం, పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా. ఆ ఏడు చామంతి ఆలస్యంగానైనా సంక్రాంతికి పూసింది. మొదటి పువ్వు అమ్మ పటానికి పెట్టాను.

ఏటా గొడుగు పట్టడం నా వల్ల కాదు కదా! పూత అయ్యాక కాడలు కత్తిరించి, మొదట్లో లేచిన పిలకలను తొలకరికి విడదీసి, దీపం వెలుగు పడని పెరటి వైపు నాటాను. ముందు మడిలో ఆ చోట మెట్టతామర అల్లుకుంది. దానికి దీపంతో పేచీ లేదు. మీరూ మడి వేసేటప్పుడు ఎండ ఎటు, నీరు ఎటు అని చూసుకోవడంతో పాటు, రాత్రిపూట ఒకసారి బయటికి వచ్చి చీకటి ఎక్కడుందో కూడా చూసుకోండి.

ఆ తొలకరికే ఇంకో పనీ చేశాను. మిగిలిన పిలకలను తడిగుడ్డలో చుట్టి పెద్దమ్మకిచ్చాను. ఆమె తన కూతురికిచ్చింది. ఇప్పుడు మా వీధిలో ఆరిళ్ళ పెరళ్ళలో అమ్మ చామంతి పూస్తోంది. గొడుగు మళ్ళీ అటకెక్కింది.