కాలువ గట్టున జంట సైకిలు

ఇంగ్లండు వెళ్ళివచ్చినవారు లండన్ మేడల గురించి, రాజభవనాల గురించి చెబుతుంటారు. మేము చెప్పబోయేది ఒక పాత రైలుకట్ట గురించి, ఒక పాత కాలువ గట్టు గురించి. వాటి మీద మేము మూడు రోజులు సైకిలు తొక్కాము.

ఈ వయస్సులో సైకిలేమిటని మీరు నవ్వవచ్చు. మేమూ నవ్వాము. మాది కోనసీమలో కాలువ పక్కనున్న చిన్న ఊరు. ఇద్దరమూ ఒకే బడిలో ఉపాధ్యాయులము. ఒకరు తొక్కగా మరొకరు వెనుక క్యారియర్ మీద కూర్చుని ఎన్నో ఏళ్ళు ఆ బడికి వెళ్ళాము. స్కూటరు కొన్న రోజున సైకిలును పశువుల పాకలో చేరవేశాము. సైకిలంటే లేనివాడి బండి అనే చిన్నచూపు మాకూ అంటుకున్నది.

మా అమ్మాయి బ్రిస్టల్ నగరంలో నర్సు. మే నెలలో ఆమెను చూడడానికి వెళ్ళాము. పది రోజులు గడిచినా మనసు విప్పి మాట్లాడుకున్నది లేదు. ఆమెకు రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. “ఎప్పుడు తిరిగి వచ్చేస్తావు తల్లీ?” అనే ప్రశ్న మా నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఆమె కూడా ఏదో చెప్పబోయి ఆగుతున్నట్లు మాకు తెలుస్తూనే ఉన్నది. అంతలో ఆమెకు మూడు రోజులు సెలవు దొరికింది.

“కారులో అయితే పూటలో చూపించేస్తాను. సైకిళ్ళ మీద అయితే మూడు రోజులు పడుతుంది. సైకిళ్ళ మీదే వెళదాం నాన్నా” అన్నది. తనకొక సైకిలు, మా ఇద్దరికీ కలిపి జంట సైకిలు అద్దెకు తెచ్చింది. దానికి రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు ఉంటాయి. క్యారియర్ మీద కూర్చోవడం తప్ప ఎరుగని మాలో ఒకరికి తొక్కే భాగ్యం అప్పుడే కలిగింది!

మొదటి రోజు బ్రిస్టల్ నుండి బాత్ పట్టణం దాకా 13 మైళ్ళు, అంటే సుమారు 21 కిలోమీటర్లు. ఒకప్పుడు ఇది రైలు మార్గం. 1966లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. తరువాత పట్టాలు తీసేశారు. కట్ట మీద ముళ్ళపొదలు లేచాయి. 1977లో బ్రిస్టల్‌లోని కొందరు సైకిలు ప్రియులు సంఘంగా ఏర్పడి, 1979 నుండి 1986 వరకు కొంచెం కొంచెంగా ఆ కట్టను సైకిలు బాటగా మార్చారు. స్వచ్ఛందంగా వచ్చినవారు పారలు పట్టి పనిచేశారు. దేశమంతటా నేడు వ్యాపించిన సైకిలు బాటలకు ఇదే నాంది.

రైలు ఎక్కలేని ఎత్తు రైలుకట్ట మీద ఉండదు కదా! అందుకే మా వంటివారికి ఆ బాట హాయిగా ఉన్నది. దారిలో అర కిలోమీటరు పొడవున్న సొరంగం ఒకటి వస్తుంది. లోపల దీపాలున్నాయి, చల్లగా ఉన్నది. మేము గంట మోగిస్తే అది చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. బిట్టన్ అనే చోట పాత స్టేషనును, ఆవిరి ఇంజన్లను బాగుచేసి సరదాకు నడుపుతున్నారు. మేము టీ తాగి, ఒక ఇంజను కూత విని, మళ్ళీ ఎక్కాము. ఆ రోజంతా అమ్మాయి ముందు వెళుతూ మాకోసం ఆగుతూ ఉన్నది. మాటలు ఇంకా రాలేదు.

రెండవ రోజు బాత్ నుండి కెన్నెట్–ఏవన్ కాలువ గట్టెక్కాము. పూర్వం గుర్రాలు పడవలను తాళ్ళతో లాగుతూ నడిచిన బాట అది. ఇప్పుడు నడిచేవారిది, సైకిళ్ళవారిది. నడిచేవారికే ముందు హక్కు. వెనుక నుండి మెల్లగా గంట కొట్టి, వారు పక్కకు జరిగాక, కృతజ్ఞతలు చెప్పి వెళ్ళాలి. అలా పలకరించుకుంటూ వెళితే గంటకు ఐదారు మైళ్ళు కూడా సాగవు. గట్టు వెంబడి కంచెలనిండా తెల్లని పూలు. హంస వెనుక బూడిద రంగు పిల్లలు. ఏడడుగుల వెడల్పున్న పొడవాటి పడవలలో కాపురాలున్నాయి. పడవల కప్పు మీద పూలకుండీలు, పొయ్యి కట్టెలు.

క్లావర్టన్ దగ్గర 1813 నాటి నీటి యంత్రం ఉన్నది. ఏవన్ నది ప్రవాహమే చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రమే నది నీటిని ఎత్తి కాలువలో పోస్తుంది. కొంచెం ముందు, డండాస్ వద్ద, రాతి వంతెన మీదుగా కాలువే నదిని దాటుతుంది. ఇంజనీరు జాన్ రెన్నీ కట్టించినది. క్రింద నది, పైన పడవ! ఆ రాతిగోడ నానుకుని కూర్చున్నప్పుడు అమ్మాయి చెప్పింది.

“నేను ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాను. మీకు చెప్పడానికి ఏడాది నుండి ధైర్యం చాలలేదు.”

మాకు నోట మాట రాలేదు. కోపంతో ఒకటి రెండు మాటలు అన్నాము కూడా. అవి ఇక్కడ వ్రాయము. ఆ సాయంత్రం బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ అనే ఊరిలో బస చేశాము. తొమ్మిదింటి దాకా వెలుగున్నా, పెందలాడే తలుపు వేసుకున్నాము.

మర్నాడు ఆదివారం. ఆ ఊరిలో సెయింట్ లారెన్స్ అనే చిన్న రాతి దేవాలయం ఉన్నది. దాదాపు వెయ్యేళ్ళ నాటిది. అది దేవాలయమన్న సంగతే జనం మరచిపోయి, కొంత భాగంలో బడి నడిపారు, కొంత భాగంలో కాపురమున్నారు. 1850ల దశకంలో విలియం జోన్స్ అనే ఆ ఊరి పాదిరిగారు గోడలోని దేవదూతల చెక్కడాలను చూసి గుర్తుపట్టారు. ఆ ఇరుకైన చోట ముగ్గురమూ మౌనంగా నిలబడ్డాము. ఒకరినొకరం చూసుకోలేదు.

మధ్యాహ్నానికి డివైజిస్ చేరాము. అక్కడ కేన్ హిల్ అనే కొండ మీదికి కాలువ 29 లాకులతో ఎక్కుతుంది. రెండు మైళ్ళలో 237 అడుగుల ఎత్తు. వాటిలో 16 లాకులు మెట్ల వరుసలా ఒకదాని మీద ఒకటి! లాకులంటే మాకు కొత్తేమిటి? మా కాలువలకూ లాకులున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొరగారి ఆధ్వర్యంలో 1852లో పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీరిచ్చాయి, పడవలనూ నడిపించాయి. సరిగ్గా ఆ ఏడాదే ఈ ఇంగ్లండు కాలువను ఒక రైల్వే కంపెనీ తీసుకున్నది. 1810లో మొత్తం తెరుచుకున్న కాలువకు నాటినుండి ఆదరణ తగ్గింది. చివరకు లాకులు శిథిలమై, నీళ్ళు ఇంకిపోయాయి. దానిని పూడ్చనివ్వకుండా సామాన్య ప్రజలే పూనుకున్నారు. చందాలు పోగుచేశారు, బురద ఎత్తారు, తలుపులు బిగించారు. 1990 ఆగస్టు 8న ఎలిజబెత్ రాణిగారు దానిని తిరిగి ప్రారంభించారు.

ఒక పడవ లాకులోకి వచ్చింది. పడవవారి కుర్రవాడు పై తలుపు దూలాన్ని వీపుతో నెడుతున్నాడు. అది కదలలేదు. గట్టు మీదనున్న పెద్దాయన నవ్వి, “ఆగు బాబూ. లోపలి నీళ్ళు, పై నీళ్ళు సమమయ్యేదాకా ఎవరు తోసినా అది తెరుచుకోదు. సమమైతే నీ చెల్లెలైనా తెరవగలదు” అన్నాడు. కొద్ది నిమిషాలలో నీళ్ళు నిండాయి. చిన్న పిల్ల నెట్టినా తలుపు జరిగింది.

మేము కన్న బిడ్డను ముందు రోజు నుండి మేము తోస్తున్నది అలాంటి తలుపునే. అప్పుడు అడిగాము: “ఇక్కడ నీకు బాగుందా తల్లీ?” అంతకుముందు ఆ ప్రశ్న మేము ఎన్నడూ వేయలేదు. గడ్డి మీద కూర్చుని ఆమె రెండు గంటలు చెప్పింది. తన వార్డు గురించి, ఒంటరితనం గురించి, మొదటి చలికాలం గురించి. మేము విన్నాము. పడవ అప్పటికి ఐదారు లాకులు ఎక్కింది. పైకి చేరడానికి ఐదారు గంటలు పడుతుందట. పడవలో ఎవరికీ తొందర లేదు.

సాయంత్రం ఆమె స్నేహితురాలు వ్యాను తెచ్చి సైకిళ్ళతో సహా మమ్మల్ని తీసుకువెళ్ళింది. మూడు రోజులు తొక్కిన దారి గంటలో వెనక్కి పోయింది. కిటికీలోనుండి ఏమీ సరిగా కనబడలేదు.

మా అమ్మాయి అక్కడే ఉన్నది. దిగులు లేదని అబద్ధమాడలేము. ఇంటికి వచ్చిన వారానికి పాకలోని సైకిలు బయటకు తీసి, టైర్లు మార్పించి, చైనుకు నూనె వేయించాము. ప్రతి సాయంత్రం కాలువ గట్టున లాకుల దాకా వెళ్ళివస్తున్నాము. ఆదివారం రాత్రి అమ్మాయి ఫోను చేస్తుంది. “ఈ రోజు ఎంత దూరం వెళ్ళారు?” అని అడుగుతుంది. మేము చెబుతాము. తరువాత తన సంగతులు తాను చెబుతుంది, మేము వింటాము.