పౌడర్ డబ్బా మూత ఎవరు తీశారు?



పెళ్లి శుభలేఖ మీద పేర్లు బంగారు రంగులో పైకి పొంగి, వేలితో తడిమితే తగులుతూ ఉంటాయి కదా. ఆ పొంగు వెనక ఉండేది ఒక సన్నటి పొడి. ఎంబాసింగ్ పౌడర్ అంటారు. ప్రెస్సుల్లో అయితే అచ్చు పడిన సిరా తడిగా ఉండగానే మిషనే ఈ పొడి చల్లి, అంటుకోనిదాన్ని లాగేసి, కాగితాన్ని వేడి కింద నడిపిస్తుంది. చేత్తో చేసేవాళ్లదీ అదే పద్ధతి. త్వరగా ఆరని సిరాలో రబ్బరు స్టాంపు అద్ది కార్డు మీద వేస్తారు, వెంటనే పౌడర్ పోస్తారు, కార్డు వంచి మిగిలిన పొడిని దులిపేస్తారు, హీట్ గన్‌తో వేడి చూపిస్తారు. చూస్తుండగానే పొడి కరిగి, అక్షరం మీద నెయ్యి పేరుకున్నట్టు మెరుస్తూ నిలబడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా "అబ్బ" అంటారు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ మాత్రం దీనికి పనికిరాదు, కరిగించేలోపే పొడిని ఊదేస్తుంది.

మా ఊళ్లో ఈ పని కువైట్ నుంచి వచ్చింది. అక్కడ ఏళ్ల తరబడి ఇంటిపని చేసిన మా సంఘపు సహోదరి ఒకామె, మేడమ్ గారి పిల్లల పక్కన కూర్చుని కార్డులు చేయడం నేర్చుకుంది. తిరిగి వచ్చేటప్పుడు అందరూ తెచ్చే సెంటు సీసాలు, దుప్పట్లతో పాటు నాలుగు పౌడర్ డబ్బాలు కూడా తెచ్చింది. ఇప్పుడు ఏడుగురు ఆడవాళ్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మందిరం పక్క గదిలో కూర్చుని క్రిస్మస్ కార్డులు చేస్తారు. కార్డుకి ఇంతని కూలి. లెక్కలు మా ఇంటావిడ చూస్తుంది. నాకు ఆ గదిలో పని లేదు, టీ ఉన్నప్పుడు తప్ప.

అయితే కువైట్‌లో నేర్చిన పని కోనసీమలో అలాగే సాగదు. మాకు అటొక గోదావరి పాయ, ఇటొక గోదావరి పాయ, కింద సముద్రం. ఊరి నిండా కాలువలు, కొబ్బరి నీడ. పైగా కార్డులు చేసే మూడు నెలలూ ఈశాన్య రుతుపవనాల కాలం, తుపాన్ల కాలం. 1996 నవంబరు తుపాను చూసిన జిల్లా ఇది. ముసురు పట్టిందంటే ఉప్పు జాడీలో నీరూరుతుంది, అగ్గిపుల్ల గీసుకోదు, బీరువాలో బట్టలు ముక్క వాసన వేస్తాయి. అలాంటి గాలిలో పిండిలాంటి పొడిని రాలేటట్టుగా ఉంచుకోవాలి.

ఎడారి దేశంలో ఈ పనికి వచ్చే ఇబ్బంది వేరట. గాలి మరీ పొడిగా ఉంటే కాగితానికి విద్యుత్తు పట్టి, పొడి అక్కర్లేని చోట కూడా అతుక్కుంటుంది. ప్లాస్టిక్ దువ్వెనకి కాగితం ముక్కలు అంటుకున్నట్టు. మా దగ్గర ఆ బాధ తక్కువ, తడిగాలిలో ఆ విద్యుత్తు నిలవదు. అయినా మచ్చలు పడేవి. తెల్ల కార్డు మీద అక్షరాల చుట్టూ బంగారు రవ్వ చల్లినట్టు ఉండేది. ఇంగ్లీషు అక్షరమైతే కొంత ఓర్చుకుంటుంది. మన "క్రిస్మస్" చూడండి, ఎన్ని మెలికలు, ఎన్ని ఒత్తులు! "స్మ"లో ఒత్తు సందున నాలుగు రవ్వలు కరిగాయంటే అక్షరం పూడిపోయినట్టే. ఆ కార్డు ఎవరు కొంటారు?

పోయిన నవంబరులో ఒక వారమంతా ఇలా చెడిన కార్డులే వచ్చాయి. లెక్క తీస్తే నలభై. అన్నీ ఒకే అమ్మాయి చేసినవి.

ఆ పిల్లకి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. పగలు బట్టల షాపులో పని, పొద్దున తొమ్మిదికి అక్కడ ఉండాలి, రాత్రికి గాని ఇల్లు చేరదు. నర్సింగ్ ఫీజుకి కూడబెట్టుకుంటోంది. అందుకని తెల్లవారుజామున ఐదింటికి తాళం తీసుకుని, ఏడింటి దాకా ఒక్కతే కూర్చుని కార్డులు చేసుకుని వెళ్లేది. మిగతావాళ్లు మధ్యాహ్నం వంటపని అయ్యాక వస్తారు. ఒకరోజు వాళ్లు బంగారు డబ్బా తెరిస్తే లోపల ఉండలు. ఇంకేముంది, ఆ పిల్ల మూత పెట్టకుండా వెళ్లిపోతోందని మాట పుట్టింది. పౌడర్ ఖరీదైనది, పైగా ఊళ్లో దొరకదు. చెడిన నలభైకి కూలి ఆపేశారు. సోమవారం నుంచి తాళం ఇవ్వొద్దని కూడా అనుకున్నారు. "పెట్టానండి, మూత గట్టిగానే పెట్టానండి" అని ఆ పిల్ల రెండుసార్లు చెప్పి ఊరుకుంది. ఒక్కతే ఉన్న చోట సాక్ష్యం ఎవరు చెబుతారు?

ఆ మాట తెంచింది మా సంఘంలోని ఒక పెద్దమ్మ. రైసుమిల్లు కళ్లంలో పాతికేళ్లు వడ్లు తిరగేసిన మనిషి. ధాన్యం అమ్ముకున్నవాళ్లందరికీ 17 శాతం అనే అంకె నోటికి వచ్చు, అంతకుమించి తేమ ఉంటే కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుంది. ఆవిడ నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, తెల్లారగట్ల కొలిత్తే తేమ ఎక్కువ సూపిత్తాదండి. మజ్జానం దాకా ఆరితే దిగుద్దండి. ఈ అట్టముక్కలు మాత్రం వడ్ల కంటే గొప్పయ్యా అండి? ఆటికీ మంచు తగల్దా?" అంది.

ఆవిడన్నదే నిజం. రాత్రి చల్లబడేకొద్దీ గాలిలో తేమ శాతం పెరుగుతూ వచ్చి తెల్లవారేసరికి అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి బాగా తగ్గుతుంది. కాగితం ఊరుకునే వస్తువు కాదు. గాలిలో తేమ ఎంతుంటే దానికి తగ్గట్టు పీలుస్తుంది, వదులుతుంది. పౌడర్ మాత్రం రెసిన్, అంటే ప్లాస్టిక్ జాతిది. నీళ్లను పెద్దగా తాగదు. పొడి చెడిందని మనం అనుకునే చాలా సందర్భాల్లో తడిసింది కార్డు. సిరా లేని చోట కూడా ఆ తడికి రవ్వలు పట్టుకుంటాయి.

మర్నాడు ఐదింటికి అందరం వెళ్లాం. చూడాల్సిన సంగతే గనక నేనూ వెళ్లాను. షెల్ఫ్‌లోంచి ఆరు కార్డులు తీశారు. మూడింటికి పొడి ఇస్త్రీ చేసి, వేడి తగ్గనిచ్చారు. మూడు అలాగే వదిలారు. స్టాంపు ఒకటే, సిరా ఒకటే, పౌడర్ ఆ ఉండలు కట్టిన డబ్బాలోదే, చిదిపి వాడారు. వేసింది ఆ అమ్మాయి. ఇస్త్రీ చేయని మూడింటి మీదా రవ్వ పడింది. ఇస్త్రీ చేసిన వాటిలో రెండు అద్దంలా వచ్చాయి. మూడోదాని మూలన మాత్రం మచ్చలు. దీపం దగ్గర పెట్టి చూస్తే బొటనవేలి ముద్ర, గీతలతో సహా బంగారంలో. వేలి చెమట, నూనె చాలు, పొడి పట్టుకోవడానికి. తరవాత మూత మాట మొదట అన్న సహోదరి చేత ఇంకో రెండు వేయించారు. ఆవిడ చేతిలోనూ అంతే, ఇస్త్రీ చేసింది బాగుంది, చేయనిది చెడింది.

మరి ఉండల సంగతి? అవీ ఉన్నాయి, కాదనలేం. చెంచాతో నొక్కితే పిండిలా విడిపోయాయి. అలా విడిపోతే అది తేమ ఉండ, టీ జాలీలో జల్లిస్తే పొడి మళ్లీ పనికొస్తుంది. నొక్కినా విడవక, గాజుపెంకులా గట్టిగా తగిలితే మాత్రం వేడి తగిలి అతుక్కున్నదని అర్థం, దాన్ని పారేయడమే. మా డబ్బాలోకి తేమ ఎలా వచ్చిందంటే, కార్డు మీద దులిపిన పొడిని ఏడుగురూ ఎప్పటికప్పుడు పెద్ద డబ్బాలోనే తిరిగి పోస్తున్నారు. దాంతో పాటు కాగితపు నూగు, వేలి తడి, ఆ పూట గాలి అన్నీ లోపలికి వెళ్తున్నాయి. రోజుకి పాతికసార్లు మూత తీస్తే ఎంత గట్టి మూతయినా ఒకటే.

అందరూ ఎవరి కొంగు వాళ్లు సర్దుకుంటున్నారు. ఆ పిల్ల ఒక్క మాటే అడిగింది, "మరి నా నలభై కార్డుల డబ్బులండి?" అని. నాకు ఆ అడగడం నచ్చింది. క్షమాపణ అడగలేదు, కూలి అడిగింది. మా ఇంటావిడ లెక్కపెట్టి ఇచ్చింది. చెడిన అట్టల ఖర్చు ఏడుగురి మీదా వేసుకున్నారు. ఒకావిడకి అది ఇష్టం లేదు. అయినా ఇచ్చింది.

మీ ఇళ్లలో కూడా ఎవరైనా ఈ పని చేస్తుంటే, మాకు కుదిరిన పద్ధతి చెబుతాను.

పెద్ద డబ్బా ఇప్పుడు పనిబల్ల మీదికి రాదు. వారానికోసారి, ఎండ ఉన్న మధ్యాహ్నం చూసి తెరిచి, చిన్న సీసాల్లోకి పంచి, మళ్లీ మూసేస్తారు. సీసాకి రబ్బరు వాషరున్న మూత ఉండాలి. దులిపిన పొడి ఆ పూట సీసాలోకే వెళ్తుంది. సీసాలన్నీ సిలికా జెల్ సంచులు వేసిన పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో ఉంటాయి. కొత్త చెప్పుల డబ్బాల్లో, మందు సీసాల్లో వచ్చే గుళికల సంచులే అవి. సిలికా జెల్ తన బరువులో మూడో వంతు దాకా నీటిని పట్టగలదు, నిండాక మాత్రం ఊరికే కూర్చుంటుంది. ఆరెంజ్ గుళికలు కొంటే నిండినప్పుడు రంగు మారి మనకి చెబుతాయి. నీలం రకంలో కోబాల్టు ఉప్పు ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో వద్దు. నిండిన గుళికలను వంటకి వాడని పాత మూకుడులో సన్నటి సెగ మీద వేడి చేస్తే తేమ వదిలేస్తాయి. ఎండలో పెడితే చాలదు.

ఉప్పు సీసాలో వేసినట్టు బియ్యం వేద్దామని ఒకరన్నారు. బియ్యంలోనే పన్నెండు, పద్నాలుగు శాతం తేమ ఉంటుంది. పైగా తవుడు పొడిలో కలుస్తుంది, పురుగు కూడా రావచ్చు. నిర్గమకాండంలో మన్నాను తెల్లవారేదాకా దాస్తే పురుగు పట్టినట్టుంది. మన రెసిన్‌కి సొంతంగా ఆ భయం లేదు, బియ్యం తెచ్చి మనమే పట్టించకూడదు. ఫ్రిజ్ కూడా వద్దు. చల్లటి డబ్బాని బయట తెరవగానే, మంచినీళ్ల గ్లాసుకి పట్టినట్టు లోపల చెమ్మ పడుతుంది. పౌడర్‌ని ఎండలో ఆరబోయడం, రేకుల కింద అటక మీద పెట్టడం, పొయ్యి దగ్గర పెట్టడం అన్నిటికంటే చేటు. వేడికి కరగడానికే పుట్టిన పొడి అది. నేల మీద చెమ్మ, అటక మీద వేడి, కాబట్టి మధ్య అరలో ఉంచుతున్నారు.

స్టాంపు వేసే ముందు కార్డు మీద టాల్కం పౌడర్ మూట ఒకసారి మెల్లగా అద్దుతారు. పాత నూలుగుడ్డలో రెండు చెంచాల టాల్కం కట్టిన మూటే. పైపైన ఉన్న తడిని, వేలి నూనెని అది పట్టేస్తుంది. ఎక్కువ అద్దితే సిరా పట్టదు, కరిగిన అక్షరం మీద మసక కనిపిస్తుంది. చేయి తిరగడానికి పది కార్డులు పడుతుంది. తడిగాలి వల్ల ఒక మేలు కూడా ఉందని కువైట్ సహోదరి ఒప్పుకుంది. సిరా ఇంకా నెమ్మదిగా ఆరుతుంది, తొందరపడక్కర్లేదు.

మధ్యాహ్నమే అందరూ చేసుకుంటే సగం బాధ పోతుందని మొదట అనుకున్నారు. కాని ఆ పిల్లకి మధ్యాహ్నం లేదు. అందుకని ముందురోజు మూడింటికి మిగతావాళ్లే తన వంతు కార్డులు ఇస్త్రీ చేసి, చల్లారాక స్టీలు డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి మూత బిగిస్తున్నారు. మూత అంచు చుట్టూ టేపు. పొద్దున ఐదింటికి తను పది కార్డులు తీసి, మూత పెట్టి, ఆ పది అయ్యాకే మళ్లీ తెరుస్తుంది. కరెంటు లేని రోజు హీట్ గన్ ఉండదు కాబట్టి గ్యాసు మీద పెనం కాల్చి, దానికి కాస్త ఎత్తులో కార్డును పట్టుకుని కింది నుంచి వేడి తగిలిస్తుంది. చెయ్యి కాలకుండా పట్టకారు ఉండాలి.

ఆ డబ్బాకి ఎవరో తెల్ల కాగితం అంటించి ఆ పిల్ల పేరు రాశారు. రాసింది మూత మాట మొదట అన్న సహోదరే అని మా ఇంటావిడ అంటుంది, నేను అడగలేదు. డిసెంబరు రెండో వారానికి వెండి పౌడర్ అయిపోయింది. బంగారు డబ్బాలో ఇంకా సగం ఉంది, ఉండలు లేవు.