ముందు నీళ్లు, తర్వాతే చెయ్యి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీల్లో కార్లూ ఆటోలూ రోజుల తరబడి నీళ్లలోనే నానాయి. వరద తీశాక ఇళ్లలో, వీధుల్లో మేట వేసిన బురదను కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి. బండ్ల బురద మాత్రం వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్ల వంతయింది.

వరద బురదలో బంకమన్నుతో పాటు సన్నటి ఇసుక ఉంటుంది. అది వదలకముందే గుడ్డ పెట్టి రుద్దితే ఆ ఇసుకే రంగును గీరేస్తుంది. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పూత, క్లియర్ కోట్, మామూలుగా తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఎండలో నల్ల కారు బానెట్ మీద సాలెగూడులా మెరిసే గీతలు చాలావరకు ఇలా పడ్డవే.

చేత్తో కడిగే షెడ్డులో పని బాగుపడాలంటే కొత్త మెషిన్ కొనేకన్నా ముందు పని వరస మార్చుకోవాలి. మొదట ప్రెషర్ గన్నుతో మట్టి రాలగొట్టాలి. తర్వాత షాంపూ నురగ పట్టించి, అది ఆరిపోకముందే పైకప్పు నుంచి కిందికి తుడుచుకుంటూ రావాలి. రెండు బకెట్లు కావాలి: ఒకటి షాంపూ నీళ్లకు, ఇంకొకటి గుడ్డ జాడించడానికి. గుడ్డను రెండో బకెట్లో ముంచగానే అడుగున ఇసుక పేరుకోవడం కంటికి కనిపిస్తుంది. ఒకే బకెట్ అయితే ఆ ఇసుకంతా తిరిగి కారు మీదికే ఎక్కుతుంది. చక్రాల గుడ్డను బాడీకి తాకనివ్వకూడదు. గిన్నెలు తోమే సబ్బు అసలే వద్దు, అది మైనపు పూతను కూడా లాగేస్తుంది.

ఇక నీళ్ల సంగతి. కృష్ణా డెల్టాలో సముద్రం వైపు వెళ్లేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అలాంటి నీళ్లు ఎండలో కారు మీదే ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి. విజయవాడ ఎండలకు బానెట్ కాలిపోతూ ఉంటుంది కాబట్టి నీడలోనే కడగాలి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తడి లాగేయాలి. మంచినీళ్లు వాడటం పరిష్కారం కాదు. 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు బెంగళూరులో తాగునీటితో బండ్లు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టారు. వాడిన నీళ్లను వడగట్టి, చక్రాలు, అడుగుభాగం కడగడానికి మళ్లీ వాడుకునే ఏర్పాటు ఇక్కడి షెడ్లలోనూ రావాలి.

ఒకే బకెట్, ఒకే చింకిగుడ్డ చేతికిచ్చి, గీతలు పడ్డాయని కుర్రాడి మీద అరవడం అన్యాయం. రోజంతా తడిలో, రసాయనాల్లో నానే ఆ చేతులకు రబ్బరు గ్లౌజులు, కాళ్లకు బూట్లు ఇవ్వడం యజమాని బాధ్యత. కారు తెచ్చినవాళ్ల బాధ్యత కూడా కొంత ఉంది. కుర్రాడు గుడ్డ జాడించుకోవడానికి ఆగితే తొందరపెట్టకండి. ఆ కాసేపు ఆగండి.