మిగిలిన మందు

సీసా అడుగున మిగిలిన నాలుగు చెంచాల మందును పాఱబోయుటకు మనకు చేతులు రావు. మాకును రాలేదు. అందువలన మేము పడిన దుఃఖమును మీకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అది 2019 కార్తికమాసము. మైపాడు తీరమున ఎడతెగని వాన. మూడేండ్ల మా కుమారునకు జ్వరము తగిలెను. అంతకు ముందు వాని యక్క దగ్గునకు తెచ్చిన యాంటీబయాటిక్ కొంత మిగిలియుండగా, వైద్యుల నడుగకయే రెండు దినములు త్రాగించితిమి. జ్వరము తగ్గినట్లే యుండి మూడవనాడు వాంతులు పట్టుకొనెను. వాడు వెలుతురు చూడనొల్లడయ్యె; తల వంపబోగా మెడ కొయ్యవలె బిగిసి కెవ్వున నేడ్చెను. వానలోనే నెల్లూరికి కొనిపోయితిమి.

వైద్యురాలు మెదడుపొరల వాపని శంకించి, వెన్నునుండి నీరు తీయవలెననిరి. "అమ్మాయీ, వెన్నున సూది వేయనీయకు, కాళ్లు పడిపోవును" అని మా యత్తగారు విలపించిరి. వెన్నుపాము ముగిసిన చోటునకు దిగువనే సూది పోవునని ఆమెకు నచ్చజెప్పి, వైద్యురాలు మావంక తిరిగి "ఇంతకుముందేమైన మందిచ్చితిరా, అమ్మా?" అని యడిగిరి. సిగ్గుచే లేదంటిమి.

తేటగా నుండవలసిన ఆ నీరు మబ్బుగా వచ్చెను. అట్టి నీటిని పోషకద్రవ్యముగల పళ్లెరమున నుంచిన, ఒకటి రెండు దినములలో క్రిములు వృద్ధిపొందును. వానిని వేఱొక పళ్లెరమున పఱచి, వేర్వేఱు మందులు పట్టించిన కాగితపు బిళ్లలను పైనుంతురు. క్రిమి లొంగెడి మందుచుట్టును ఏమియు మొలవని వలయ మేర్పడును. లొంగని మందు నంటియే క్రిమి పెరుగును. ఫలితమునకై వేచిన బిడ్డ దక్కడు గనుక సెఫ్ట్రియాక్సోన్ వంటి మందును ముందే సూదితో మొదలిడి, పిదప అవసరమైన మార్చుదురు.

మా బిడ్డ పళ్లెరమున నేమియు మొలవలేదు. అప్పుడు మేము ఏడ్చుచు నిజము చెప్పితిమి. ఇంటిలో త్రాగించిన మందు రోగమును కుదుర్పజాలక క్రిమి జాడను మాత్రము మఱుగుపఱచి యుండవచ్చునని వైద్యురాలు చెప్పిరి. శత్రువెవరో తెలియకయే పోరు సాగెను. బాలుడు బ్రతికెను; ఎడమచెవి వినబడదు. అది రోగము చేసినదో, మేము పోగొట్టిన రెండు దినములు చేసినవో ఎవరు చెప్పగలరు?

ఒకనాడు క్లోరాంఫెనికాల్ ఈ వ్యాధికి పేరుపడిన మందు. 1993 మొదలు 1997 వరకు, చెన్నపట్టణము, వేలూరులతో సహా దేశమునందలి కొన్ని యాసుపత్రులలో దొరకిన న్యూమోకాకస్ క్రిములను పరీక్షింపగా, నూటికి 17 ఆ మందునకును, 56 కో-ట్రైమాక్సజోల్‌నకును లొంగలేదు. అక్కఱ లేనిచోట వాడిన కొలదిని క్రిములు మందులకు అలవాటుపడును.

ఋణశేషము, అగ్నిశేషము ఉంచరాదని పెద్దలందురు. మందుశేషమును గూడ నుంచరాదని మేము నేర్చితిమి. పెంటావాలెంట్ టీకాను ఆఱు, పది, పదునాలుగు వారములకు తప్పక వేయింపుడు. న్యూమోకాకస్ టీకా 2021లో దేశమంతటికిని విస్తరింపబడినది. మా బిడ్డ కాలమునకు అది మాకందలేదు. మెడ బిగిసినను, పసికందు మాడు ఉబ్బినను గడియయైన జాగుచేయకుడు. వైద్యులు అడిగినపుడు, ఇచ్చిన మందు పేరు దాచకుడు. మన సిగ్గుకంటె బిడ్డ చెవి విలువైనది.