నల్లమల ఎలుగుకు తప్పుడు పేరు

నంద్యాల నుండి శిరివెళ్ళ మీదుగా ఆళ్లగడ్డకు వెళ్తుంటే తూర్పున నల్లమల కొండలు తోడు వస్తాయి. ఆ మధ్య బస్సులో నా పక్కన కూర్చున్న విద్యార్థి పుస్తకంలో ఎలుగుబంటి బొమ్మ క్రింద 'స్లాత్ బేర్' అని చదివి, "హజ్రత్, స్లాత్ అంటే సోమరితనం కదా! మన కొండల్లోని ఎలుగు సోమరిదా?" అని అడిగాడు.

కాదు. ఆ పేరు ఒక పొరపాటు ఫలితం. అసలు స్లాత్ మధ్య, దక్షిణ అమెరికా అడవులలో కొమ్మలకు తలక్రిందులుగా వ్రేలాడే జంతువు. 1758లో లిన్నేయస్ దానికి 'బ్రాడిపస్' (నెమ్మది పాదాలది) అని పేరు పెట్టాడు. నేడు ఇది మూడు వ్రేళ్ళ స్లాత్‌ల ప్రజాతి నామం. ఆకులే దాని ఆహారం. వాటిలో శక్తి స్వల్పం గనుక నెమ్మదితనమే దాని బ్రతుకు తెరువు, సోమరితనం కాదు. చీమలు తినే ఆంట్‌ఈటర్లు దానికి దగ్గరి బంధువులు.

1791లో జార్జ్ షా అనే ఆంగ్ల శాస్త్రవేత్త మన ఎలుగు పొడవైన గోళ్ళను, ముందరి పళ్ళ లోటును చూసి దానినీ బ్రాడిపస్‌లోనే చేర్చాడు. నిజానికి ఆ గోళ్ళు పుట్టలు త్రవ్వడానికి. పై పళ్ళు రెండు లేని సందు చెదపురుగులను పీల్చడానికి. 1793లోనే దానికి 'మెలుర్సస్' అనే వేరు ప్రజాతి ఏర్పడింది. ఆంగ్లనామం మాత్రం నేటికీ మారలేదు. పేరు నమ్మి దగ్గరకు పోతే ప్రాణాపాయం. అది మనిషిని మించి పరుగెత్తగలదు.

ఆళ్లగడ్డలో దిగేటప్పుడు నాకు మరో విద్యార్థి గుర్తుకు వచ్చాడు. పాఠం వ్రాయడంలో వెనుకబడితే అతనిని 'సోమరి' అన్నాను. అతనికి నల్లబల్లపై అక్షరాలు కనిపించడం లేదని తరువాత తెలిసింది. కళ్ళద్దాలు వచ్చాయి, తోటివారి నోట ఆ పేరు మాత్రం చాలాకాలం పోలేదు.